ఆ ఆకుపచ్చ తాడు వెనక్కి తెచ్చేయండి

ఆగస్టు నుంచి మా షాపులో ‘550 పారాకార్డ్’ (పారాచూట్ తాళ్ల రకం సన్నని నైలాన్ తాడు) అని చెప్పి అమ్మిన ఆకుపచ్చ తాడు అసలుది కాదు. 30 మీటర్ల చుట్ట, 390 రూపాయలు. కొన్నవాళ్లు కోసేసినా, సగం వాడేసినా, బిల్లు పారేసినా ఫర్వాలేదు. మిగిలిన ముక్క తెచ్చి మొత్తం డబ్బు తీసుకెళ్లండి.

విషయం బయటపెట్టింది గాజువాక కుర్రాడు ఒకతను. స్నేహితులతో వంజంగి కొండ మీదకి వెళ్లాడు. రాత్రి గాలీ వానా మొదలయ్యాక టెంట్ మీద కట్టిన బరకం తాడు తెగిపోయింది. నలుగురూ తెల్లారేదాకా తడుస్తూ కూర్చున్నారు. అతను గొడవేమీ చేయలేదు. తెగిన ముక్క కౌంటర్ మీద పెట్టి, "అన్నా, రెండొందల యాభై కిలోలు ఆపుతుందన్నారు కదా" అని మాత్రం అడిగాడు. ఆ మాట అన్నది నేనే. ప్యాకెట్ మీద ఉన్నది చదివి చెప్పాను, తాడు కోసి చూడలేదు. తప్పు నాదే.

550 అంటే ఏమిటో ముందు చెప్తాను. అమెరికా సైన్యం పారాచూట్ తాళ్లకు పెట్టుకున్న కొలతల్లో టైప్ 3 అనే నైలాన్ రకం ఉంది. అది కనీసం 550 పౌండ్ల లాగుడుకు, అంటే సుమారు 250 కిలోలకు, తట్టుకోవాలి. మందం 4 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. పైన అల్లిన తొడుగు, లోపల 7 నుంచి 9 పోగులు. ఒక్కో పోగు మూడు పేటలు కలిపి పురిపెట్టినది. మామూలు మార్కెట్‌కి చేసే తాళ్లలో రెండు పేటలే ఉండటం కద్దు, దాన్ని మోసం అనలేం. ఈ తాడు గొప్పతనం ఆ లోపలి పోగుల్లోనే ఉంది. అడవిలో అవసరం పడితే తొడుగులోంచి పోగు లాగి చిరిగిన బ్యాగు కుట్టుకోవచ్చు, గేలానికి కట్టుకోవచ్చు. 10 మీటర్ల తాడులో 7 పోగులుంటే 70 మీటర్ల దారం చేతిలో ఉన్నట్టే.

మా ఆకుపచ్చ తాడు కోస్తే లోపల పురి లేని పీచు కుక్కి ఉంది. ఫిషింగ్ హార్బర్‌లో వలలు బాగుచేసే తాత ఒకాయన మా దగ్గరే దారం కొంటారు. ఆయనకు చూపిస్తే రెండు వేళ్ల మధ్య నలిపి, "ఇది నైలాన్ కాదు నాయనా, నీళ్లలో వేసి చూడు" అన్నారు. బకెట్‌లో వేస్తే తేలింది. నైలాన్ మునుగుతుంది, చవక తాళ్లకు వాడే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ తేలుతుంది. మీరు చేసేటప్పుడు ముక్కను నీళ్లలోనే బాగా పిసికి గాలి పోగొట్టండి. లేకపోతే అల్లికలో గాలి ఉండి నైలాన్ కూడా కాసేపు తేలుతుంది. కొస కాల్చినా తెలిసిపోతుంది, పాలీప్రొపిలీన్ కాలితే కొవ్వొత్తి వాసన వస్తుంది.

అప్పటికీ మనసు ఊరుకోలేదు. గోడౌన్ దూలానికి ఆ తాడూ, కొత్తగా తెప్పించిన అసలు నైలాన్ తాడూ ఒకే రకం ముడితో కట్టి, 26 కిలోల బియ్యం బస్తాలు ఒక్కొక్కటే వేలాడదీశాం. ఆకుపచ్చది నాలుగో బస్తాకి ముడి దగ్గర తెగింది. రెండోది ఆరు బస్తాలు ఆపింది. అంతకు మించి వేలాడదీయడానికి దూలం మీద నమ్మకం లేక ఆపేశాం. ఎంత మంచి తాడైనా ముడి వేసిన చోట బలం మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుందని గుర్తుంచుకోండి. అందుకే 250 కిలోల తాడును 50 కిలోల తాడు అనుకునే వాడమని ఇకమీదట చెప్తాను.

ఇంకో మాట, ఇది నా వ్యాపారానికి కొంచెం నష్టమే. బరకం కట్టడానికి పారాకార్డ్ సరైన తాడు కాదు. నైలాన్ సాగుతుంది, తడిస్తే మరీ సాగుతుంది. అరకులోనో లంబసింగిలోనో రాత్రంతా మంచు పడితే సాయంత్రం బిగించిన బరకం తెల్లారేసరికి జారి ఉంటుంది. దానికి 4 మిల్లీమీటర్ల పాలిస్టర్ తాడు కొనండి. పెద్దగా సాగదు, ఎండకు ఓర్చుకుంటుంది, మీటరు ధర కూడా తక్కువే. హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబర్ 12 తర్వాత మా వీధిలో రేకులు ఎగిరిపోయిన ఇళ్లకు బరకాలు కట్టి వారాల తరబడి ఉంచాం. చవక ప్లాస్టిక్ తాళ్లు ఎండకు పెళుసెక్కి పొడి రాలాయి. పాలిస్టర్‌తో కట్టినవి నిలిచాయి. తుపాన్ల కాలానికి ఇంట్లో ఉంచుకోదలిచినవాళ్లు కూడా అదే తీసుకోండి.

పారాకార్డ్ దేనికంటే, బ్యాగులో పడేసి ఉంచుకోవడానికి. సామాన్లు కట్టుకోవడం, తెగిన బూటు లేసు, విరిగిన టెంట్ కర్రకు కట్టు, ఇలాంటివాటికి దాన్ని మించింది లేదు.

మనిషి బరువు మాత్రం దీని మీద వేయొద్దు. కొండ ఎక్కడానికి కావాలని ఇద్దరు అడిగారు, పిల్లల ఉయ్యాలకని ఒకమ్మ అడిగారు. ముగ్గురికీ ఇవ్వనన్నాను. మనిషి జారి పడి ఒక్కసారి ఆగినప్పుడు తాడు మీద పడే లాగుడు అతని బరువుకు ఎన్నో రెట్లు ఉంటుంది. పైగా నైలాన్ మీద నైలాన్ ఒరుసుకుంటే ఆ వేడికే కరిగి తెగుతుంది. కొండలెక్కడానికి వేరే తాళ్లున్నాయి, అవి మా దగ్గర లేవు. ఉయ్యాలకైతే లావు మోకు చూపిస్తాను.

మిగిలిన ఆకుపచ్చ చుట్టలు సప్లయర్‌కి తిప్పి పంపేశాను. ఇకనుంచి వచ్చే ప్రతి లాట్‌లో ఒక చుట్ట కోసి, ఆ ముక్కను కౌంటర్ మీద పెడతాం. మీరే పోగులు లెక్కపెట్టుకోవచ్చు. అసలు తాడు ధర పాతదానికి దాదాపు రెట్టింపు. ఆకుపచ్చది వెనక్కిచ్చేవాళ్లకు ఈ నెలాఖరు దాకా నేను కొన్న ధరకే ఇస్తాను. ఈ వారం వంజంగి వెళ్లేవాళ్లుంటే శనివారం లోపు రండి, ఆ తాడుతో మాత్రం కొండెక్కొద్దు.