డ్రాగ్ రేసింగ్‌లో సీటు ఎవరికి దక్కుతోంది?

సంపాదకుడు గారికి నమస్కారాలు.

మీ క్రీడల పేజీలో, తిన్నని ట్రాక్ మీద రెండేసి కార్లు పోటీపడే అమెరికా డ్రాగ్ రేసింగ్ గురించి వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. వెయ్యి అడుగుల దూరాన్ని నాలుగు సెకన్లలోపే దాటేసే టాప్ ఫ్యూయల్ అనే అత్యంత వేగమైన తరగతి కార్ల వేగాన్ని, వాటిని నడిపేవారి గుండె నిబ్బరాన్ని వ్యాసకర్త చక్కగా వర్ణించారు. కానీ ప్రతిభ ఉన్నవాళ్ళు ఎప్పటికైనా ఆ కార్ల దాకా చేరుకుంటారన్న అభిప్రాయం కలిగేలా వ్యాసాన్ని ముగించడం నాకు సరి కాదనిపించింది. పన్నెండేళ్ళుగా ఇండియానాలో ఉంటూ, ఏటా లేబర్ డే వారాంతంలో జరిగే యూఎస్ నేషనల్స్ డ్రాగ్ రేసులకు కుటుంబంతో సహా వెళ్ళి చూస్తున్నవాడిని. అక్కడ ఎవరు సీట్లో కూర్చోవాలన్నది గడియారం కంటే ముందు స్పాన్సర్ ఇచ్చే చెక్కే తేలుస్తోంది.

ఈ ఆటను నిర్వహించే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ (నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్) పోటీల్లో టికెట్ కొన్న ప్రతివారికీ, కార్లను సిద్ధం చేసే పిట్‌లోకి ప్రవేశం ఉంటుంది. తాడుకు ఇవతల నిలబడి, ఆ కార్ల ఇంధనమైన నైట్రోమీథేన్ ఘాటుకు కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా, ఇంజను విప్పి బిగించడం చూడవచ్చు. ఒక్క పరుగు అయిందంటే చాలు, 11 వేల హార్స్‌పవర్‌కు తగ్గని ఆ ఇంజనును విప్పదీసి, పిస్టన్లు, బేరింగులు పరీక్షించి, క్లచ్ డిస్కులు మార్చి, గంట, గంటంబావులో మళ్ళీ సిద్ధం చేయాలి. ఒకసారి నేను చూస్తుండగానే ఒక కుర్రాడు కాలి నల్లబడిన డిస్కులను ఒక్కొక్కటే తీసి వరసగా పేర్చుతున్నాడు. అతనికి పదడుగుల అవతల, గుడారం నీడలో, స్పాన్సర్ కంపెనీ పిలిపించిన అతిథులు భోజనాలు చేస్తుంటే డ్రైవర్ బల్లబల్లకూ తిరిగి వారితో ఫొటోలు దిగుతున్నాడు. తర్వాతి రౌండ్‌కు అప్పటికి గంట కూడా లేదు. అది కూడా ఆ డ్రైవర్ ఉద్యోగంలో భాగమేనని, అది చేయలేనివారికి సీటు ఉండదని నాకు ఆ రోజే అర్థమైంది.

దీనికి కారణం లెక్కల్లోనే ఉంది. ఒక రేసు గెలిస్తే వచ్చే బహుమతి వేల డాలర్లలో ఉంటుంది, ఏడాదికి ఇరవై దాకా ఉండే రేసుల్లో ఒక జట్టును నడపాలంటే మిలియన్ల డాలర్లు కావాలి. ఆ తేడాను పూడ్చేది స్పాన్సరే. 1970లో డాన్ ప్రుధోమ్, టామ్ మెక్‌యువెన్ కలిసి బొమ్మల కంపెనీ మాటెల్ చేత హాట్ వీల్స్ పేరు తమ కార్ల మీద వేయించుకున్ననాటి నుంచి, కారుతో సంబంధం లేని సరుకులమ్మే సంస్థలు కూడా ఈ ఆటకు పోషకులయ్యాయి. అందులో తప్పేమీ లేదు, ఆ డబ్బే లేకపోతే మేము చూడడానికి కార్లే ఉండవు. నా అభ్యంతరమల్లా, పోషించే చెయ్యే ఎంపిక చేసే చెయ్యి కూడా కావడం గురించి.

టాప్ ఫ్యూయల్‌లో ఎనిమిదిసార్లు ఛాంపియన్ అయిన టోనీ షూమాకర్ సంగతే చూడండి. దాదాపు రెండు దశాబ్దాలు ఆయన కారు మీద ఉన్న అమెరికా సైన్యం స్పాన్సర్‌షిప్ 2018తో ముగిసింది. జట్టు యజమాని స్వయానా ఆయన తండ్రి అయినా 2019లో ఆయన పోటీలకు దూరంగా ఉండవలసి వచ్చింది. లియా ప్రిట్చెట్ 2016 ఫిబ్రవరిలో ఫీనిక్స్‌లో తన మొదటి టాప్ ఫ్యూయల్ విజయం సాధించారు. ఆ తర్వాత కొద్ది నెలల్లోనే ఆ జట్టు మూతపడితే, గెలిచిన డ్రైవర్ మళ్ళీ సీటు కోసం జట్టు జట్టుకూ తిరగవలసి వచ్చింది. అంతకు చాలాముందే షర్లీ మల్డౌనీ 1977, 1980, 1982లలో మూడుసార్లు టాప్ ఫ్యూయల్ టైటిల్ గెలిచి కూడా డబ్బు కోసం ఏళ్ళ తరబడి పోరాడారు. గెలుపే అర్హత అయితే ఈ ముగ్గురికీ ఆ అవస్థ వచ్చి ఉండేది కాదు.

మరోవైపు, డ్రైవర్‌గానూ జట్టు యజమానిగానూ పేరు తెచ్చుకున్న జాన్ ఫోర్స్ ఉన్నారు. 2014 చివర్లో ఆయన స్పాన్సర్లు కాస్ట్రోల్, ఫోర్డ్ రెండూ ఒకేసారి వెళ్ళిపోయినా, మరుసటి సీజన్‌కే ఆయన పీక్, షెవర్లేలను తెచ్చుకోగలిగారు. పదహారు టైటిళ్ళు ఆయనకు ఎంత పేరు తెచ్చాయో, మైకు దొరికితే జనాన్ని కట్టిపడేసే ఆ మాటతీరూ అంతే తెచ్చింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు, ఆయన విషయంలో అది నిజం. ఆయనను నేను తప్పుపట్టను, ఆ మాటకారితనం వెనక దశాబ్దాల పరుగులున్నాయి. ఆయన జట్టులోనే క్లచ్ మెకానిక్‌గా పనిచేసిన రాబర్ట్ హైట్‌ను 2005లో డ్రైవర్‌గా కూర్చోబెడితే, తర్వాత హైట్ ఫన్నీ కార్ అనే మరో ప్రొఫెషనల్ తరగతిలో మూడుసార్లు ఛాంపియన్ అయ్యారు. డబ్బు నిండుగా ఉన్న యజమాని ఒకరు పనివాడి చేతిని గమనించడం వల్ల జరిగిన మంచి అది. అలాంటి యజమాని కంటపడనివారి మాటేమిటి?

మా స్నేహితుల అమ్మాయి పదేళ్ళ వయసు నుంచి పిల్లల కోసం చేసిన చిన్న రేసు కారు జూనియర్ డ్రాగ్‌స్టర్ నడిపింది, తర్వాత సూపర్ కాంప్ అనే ఔత్సాహికుల తరగతిలో పోటీపడింది. ప్రతి పరుగు తర్వాత చేతికిచ్చే టైమ్ స్లిప్పులన్నింటినీ, రియాక్షన్ టైమ్ (సిగ్నల్ పడ్డాక కారు కదలడానికి పట్టే సమయం) బాగున్న వాటికి పెన్సిల్‌తో గీత పెట్టి, ఒక ప్లాస్టిక్ ఫోల్డరులో తేదీలవారీగా దాచుకుంది. ఇరవై రెండేళ్ళప్పుడు ఒక జట్టు మేనేజరును కలవడానికి ఆ ఫోల్డరు పట్టుకుని వెళ్ళింది. ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఎంత డబ్బు తేగలవని, రెండోది సోషల్ మీడియాలో ఎంతమంది ఫాలోవర్లున్నారని. ఫోల్డరు తెరవకుండానే వెనక్కి వచ్చింది. ఆయన కూడా కర్కశుడేమీ కాదట, నీ వయసులో నన్నూ ఇదే అడిగారమ్మా అని చెప్పి పంపించారట. నాకు అదే ఎక్కువ బాధ కలిగించింది.

స్పాన్సర్ తెచ్చుకున్న డ్రైవర్లు నడపడం రానివారని నేను అనడం లేదు. లైసెన్సు కోసం వాళ్ళూ పరీక్షా పరుగులు చేసి చూపించవలసిందే, ఆ వేగంలో డబ్బు ఎవరినీ కాపాడదు. కానీ నడపగలిగినవారందరిలో ఎవరు మెరుగో తేల్చే అవకాశమే రాకుండా, వడపోత ట్రాక్‌కు బయటే జరిగిపోతోంది. ప్రొఫెషనల్ స్థాయికి కింద ఉండే ఆల్కహాల్ తరగతుల్లోనూ, సూపర్ కాంప్‌లోనూ ఏటా ముందు నిలిచే నలుగురైదుగురికి, ఎన్‌హెచ్‌ఆర్‌ఏ తన ఖర్చుతో ఏదో ఒక ప్రొఫెషనల్ జట్టు కారులో పరీక్షా పరుగులు ఇప్పించవచ్చు. సిరీస్‌కు పేరు పెట్టుకునే ప్రధాన స్పాన్సర్‌తో ఒప్పందం కుదిరినప్పుడే అందులో కొంత సొమ్మును దీనికని విడిగా రాయించుకోవచ్చు. ఆ పరుగుల సమయాలను అందరికీ కనిపించేలా ప్రకటిస్తే, ఆ తర్వాత డబ్బున్న జట్టు ఎవరిని తీసుకున్నా, ఎవరిని కాదనుకుందో జనానికి తెలుస్తుంది.

పత్రికల వంతూ కొంత ఉంది. మీ వ్యాసకర్త మళ్ళీ ఈ ఆట గురించి రాసేటప్పుడు, గెలిచిన డ్రైవర్‌ను ఆ సీటు ఎలా వచ్చిందో, స్పాన్సర్ ఒప్పందం ఇంకా ఎన్నాళ్ళుందో కూడా అడగవలసిందిగా కోరుతున్నాను. వీలుంటే తాడుకు అవతల డిస్కులు పేర్చే కుర్రాళ్ళలో ఒకరితోనూ మాట్లాడించండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఇండియానా, అమెరికా