కుర్చీ ఇచ్చారు, భుజాల సంగతి?

సంపాదకుడు గారికి,

శిబిరాల్లో వీల్‌చైర్లు పంచుతున్న ఫొటోలు మీ పేపర్లో తరచూ వస్తుంటాయి. సంతోషమే, కానీ కొన్నేళ్లకు ఆ మనిషి భుజాలు ఎలా ఉన్నాయో ఎవరూ అడగరు. హన్మకొండలో కుర్చీ మీదే తిరిగేవాణ్ణి కాబట్టి రాస్తున్నా.

కాళ్లు చేయాల్సిన పని రోజంతా భుజాలతో చేయిస్తే నొప్పి రాక ఏమొస్తుంది? ఉచితంగా ఇచ్చే మడత కుర్చీల్లో చాలావాటికి వెనక చక్రం ఇరుసును ముందుకూ వెనక్కూ జరపడానికి వీలుండదు. దాన్ని కాస్త ముందుకు జరిపితే చేత్తో తోసే రిమ్ము చేతికి ఎక్కువ మేర అందుతుంది, ఒక్కో తోపు పొడవుగా సాగుతుంది, దాంతో తోపులు తగ్గుతాయి, కాకపోతే మరీ జరిపితే కుర్చీ వెనక్కి తిరగబడుతుంది, కాబట్టి మనిషిని బట్టి బిగించాలి. రిమ్ము పైన చేయి పెడితే మోచేయి కోణం 100 నుంచి 120 డిగ్రీలు ఉండాలంటారు. అందరికీ ఒకే సైజు ఇచ్చేస్తే అదెట్లా కుదురుతుంది?

అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో గతుకుల బాటల కోసం రిమ్ముకు బదులు లీవర్లు (పొడవాటి కడ్డీలు) తోసి నడిపే కుర్చీ తయారుచేశారు, మన దేశంలోనూ పరీక్షించారు. లీవర్‌ను పైన పట్టుకుంటే బలం, కింద పట్టుకుంటే వేగం. లోపలున్నవి సైకిల్ భాగాలే, మన దగ్గర సైకిల్ మెకానిక్‌లకు కొదవా!

వరంగల్ ఎన్ఐటీ మెకానికల్ విద్యార్థులు దీన్ని ప్రాజెక్టుగా తీసుకోవాలి, మొదటి డ్రాయింగ్ గీయకముందే మాలాంటి వాళ్లను పిలవాలి. శిబిరాల్లో కూడా కొలతలు తీసి ఇరుసు బిగించే ఫిజియోథెరపిస్టు ఒకరు తప్పక ఉండాలి.

– ఒక పాఠకుడు, హన్మకొండ