మార్చి 8 పేజీలో మారీ యూఖాచ్‌కి చోటేదీ?

సంపాదకులకు నమస్కారం.

ఏటా మహిళా దినోత్సవానికి మన పత్రికలు ప్రత్యేక పేజీలు వేస్తాయి. జర్మనీ ప్రస్తావన వస్తే సోషలిస్టు నాయకురాళ్లు క్లారా జెట్కిన్, రోజా లక్సెంబర్గ్ ఫొటోలు తప్పకుండా ఉంటాయి. ఉండాల్సిందే. కానీ ఆ దేశ చట్టసభలో మొట్టమొదట మాట్లాడిన మహిళ మారీ యూఖాచ్ పేరు మాత్రం నాకెప్పుడూ కనిపించలేదు, అది పెద్ద లోటని చెప్పడానికే ఈ ఉత్తరం.

ఆమె 1879లో లాండ్స్‌బెర్గ్ అనే ఊళ్లో (ఇప్పుడది పోలండ్‌లో ఉంది) ఒక వడ్రంగి ఇంట్లో పుట్టింది. చిన్న వయసులోనే బడి ముగించి ఇళ్లల్లో పనికి వెళ్లింది, ఫ్యాక్టరీలో చేసింది, మానసిక రోగుల ఆసుపత్రిలో చేసింది, తర్వాత కుట్టుపని నేర్చుకుని ఒక దర్జీని పెళ్లాడింది. ఆ కాపురం నిలవలేదు. 1906లో ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని చెల్లెలు ఎలిజబెత్‌తో కలిసి బెర్లిన్ చేరింది. పిల్లల్ని సాకుతూ, బట్టలు కుట్టుకుంటూ అక్కాచెల్లెళ్లిద్దరూ రాజకీయాల్లోకి దిగారు. అప్పటికి బెర్లిన్ ఉన్న ప్రష్యా రాజ్యంలో ఆడవాళ్లు రాజకీయ పార్టీలో చేరడమే నేరం, అందుకని చదువు సంఘాల పేరుతో కలుసుకునేవాళ్లు. 1908లో చట్టం మారాక ఆమె సోషల్ డెమోక్రటిక్ పార్టీలో చేరింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మొదటి ప్రపంచ యుద్ధాన్ని వ్యతిరేకించిన జెట్కిన్‌ని 1917లో పార్టీ తన మహిళా పత్రిక నుంచి తప్పించింది, ఆ కుర్చీలో కూర్చున్నది యూఖాచే. ఇక్కడి వామపక్ష మిత్రులు ఆమెను తలుచుకోకపోవడానికి బహుశా ఇదే కారణం కావచ్చు. యుద్ధం విషయంలో నేనూ జెట్కిన్ వైపే. అయినా అంతమాత్రాన యూఖాచ్ బతుకంతా పక్కన పెట్టేస్తే ఎలా?

1918 నవంబర్‌లో రాచరికాన్ని కూల్చిన విప్లవంతో మహిళలకు ఓటు వచ్చింది. 1919 జనవరి ఎన్నికల్లో 37 మంది మహిళలు గెలిచారు, అక్కాచెల్లెళ్లిద్దరూ అందులో ఉన్నారు. ఫిబ్రవరి 19న వైమార్ పట్టణంలో జరిగిన జాతీయ సభలో ఆమె లేచి 'అయ్యలారా, అమ్మలారా' అని మొదలుపెట్టగానే సభ్యులు నవ్వారు. ఆ నవ్వు సభ రికార్డుల్లో ఇప్పటికీ ఉంది. ఆమె ఆగలేదు. ఓటు ఇచ్చినందుకు మేం పాత పద్ధతిలో ప్రభుత్వానికి కృతజ్ఞతలు చెప్పక్కర్లేదు, అన్యాయంగా ఇన్నాళ్లూ తొక్కిపెట్టినదాన్నే ఇచ్చారు అని ముఖం మీదే చెప్పేసింది, అదీ సొంత పార్టీ నడుపుతున్న ప్రభుత్వానికి! అక్కడితో ఊరుకోకుండా బాలింతల రక్షణ, పసిపిల్లల సంరక్షణ, ఇళ్లు, ప్రజారోగ్యం, పనిలేనివాళ్లకు ఆసరా, ఇవన్నీ ఏకరువు పెట్టింది.

అదే ఏడాది డిసెంబర్‌లో కార్మిక సంక్షేమ సంస్థ ఒకటి పెట్టించింది. పేదవాళ్లు దొరల దానం కోసం చేయి చాచకుండా కార్మికులే ఒకరికొకరు అండగా ఉండాలని ఆమె పట్టుదల. కుట్టుకేంద్రాలు, పిల్లలకు భోజనాలు, సలహా కేంద్రాలు నడిపారు. 1933లో నాజీలు వచ్చి దాన్ని మూయించారు, ఆమె దేశం విడిచి చివరికి 1941లో న్యూయార్క్ చేరింది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అక్కడి నుంచే జర్మనీకి సాయం పార్సిళ్లు పంపే ఏర్పాటు చేసింది. 1949లో తిరిగొచ్చి 1956లో కన్నుమూసింది. ఆ సంస్థ ఇప్పటికీ జర్మనీలో వృద్ధాశ్రమాలు, పిల్లల కేంద్రాలు నడుపుతోంది.

ఇళ్లల్లో పనిచేసే అమ్మాయిలు, కుట్టుమిషన్ల దగ్గర వంగి కూర్చునే అమ్మలు మన పాఠకుల్లో బోలెడుమంది. వాళ్లలాంటి మనిషే పార్లమెంటులో నిలబడి ఏం మాట్లాడిందో వాళ్లకు తెలియొద్దా? వచ్చే ఫిబ్రవరి 19న ఆ ప్రసంగాన్ని తెలుగులో పూర్తిగా వేయించండి. ఆదివారం అనుబంధంలో రెండు పేజీలు సరిపోతాయి.

— ఒక పాఠకురాలు, వరంగల్