22-ఏ జాబితాలో విస్తీర్ణం గడి నింపించండి: రెవెన్యూ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రెవెన్యూ, రిజిస్ట్రేషన్ల శాఖ మంత్రి గారికి, దస్తావేజు లేఖరులు, భూమి కేసులు చూసే న్యాయవాదులు నమస్కరించి రాయునది.

అయ్యా,

1908 రిజిస్ట్రేషన్ చట్టంలో, నిషేధిత జాబితాలోని ఆస్తుల రిజిస్ట్రేషన్‌ను ఆపే 22-ఏ సెక్షన్ ఉండాల్సిందే. అసైన్డ్ భూములు (ప్రభుత్వం పేదలకు ఇచ్చినవి), దేవాదాయ, వక్ఫ్ ఆస్తులు, సీలింగు మిగులు భూములు చేతులు మారకుండా ఆపాలంటే సబ్ రిజిస్ట్రార్ బల్ల దగ్గరే ఆపాలి. పేచీ అంతా జాబితా రాసే తీరుతోనే.

ఒక సర్వే నంబరులో పదెకరాలు ఉన్నాయనుకోండి. రెండెకరాలు వాగు పోరంబోకు (ప్రభుత్వ భూమి), ఎనిమిది జిరాయితీ (సొంత పట్టా భూమి), రెండింటికీ విడి నంబర్లిచ్చే సబ్ డివిజన్ కాలేదు. పైకి వెళ్లిన పట్టికలో విస్తీర్ణం గడి ఖాళీ, లేదంటే మొత్తం పదెకరాలూ వేసేశారు. కంప్యూటర్ నంబరు చూసి ఆపేస్తుంది. ఆ ఎనిమిదెకరాల రైతు అమ్మలేడు, తనఖా రిజిస్టరు చేయించలేడు, కూతురికి గిఫ్టు రాయలేడు.

ఈసీలో, అంటే ఆస్తిపై లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, వచ్చేది రిజిస్టరైన లావాదేవీలు. నిషేధిత జాబితా విడిగా వెతుక్కోవాలి. ఆ సంగతి తెలియనివాళ్లు నిల్ ఈసీ చూసి అడ్వాన్సు ఇచ్చేస్తారు, స్టాంపు డ్యూటీ చలానా కూడా కట్టేస్తారు, ఆ తర్వాత బయటపడుతుంది. ఈసీ కిందనే 22-ఏ స్థితి అచ్చు వేయించడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

ప్రతి ఎంట్రీకి 22-ఏలోని ఏ క్లాజు కింద నిషేధించారో కూడా కావాలి. (ఎ) నుంచి (డి) వరకు సంబంధిత అధికారి పంపిన జాబితా చాలు. (ఇ) కిందైతే గెజిట్ నోటిఫికేషన్ తప్పనిసరి. ఏ ఆస్తి ఏ క్లాజు కిందికొస్తుందో స్పష్టంగా చూపాలని 2015 డిసెంబరులోనే ఉమ్మడి హైకోర్టు ఫుల్ బెంచ్ చెప్పింది. ఉత్త ‘22-ఏ’ అని రాస్తే రైతు దేన్ని ఖండించాలి? అసైన్డ్ అని తెలిస్తే పాత పట్టా తీసి చూపిస్తాడు. ఆంధ్ర ప్రాంతంలో 1954 జూన్ 18కి ముందు ఇచ్చిన పట్టాల్లో అమ్మరాదనే షరతు మామూలుగా ఉండదు. నోటిఫై చేశారంటే 22-ఏ(4) కింద తొలగించమని అడుగుతాడు.

తిరస్కరణ నోటిమాటతో సరిపెట్టడం ఇంకా అన్యాయం. సెక్షన్ 71 ప్రకారం కారణం రాసి, తిరస్కరణలు నమోదు చేసే రెండో పుస్తకంలో ఎక్కించాలి. ఆ కాగితం చేతిలో లేనిదే సెక్షన్ 72 కింద 30 రోజుల్లో అప్పీలుకు వెళ్లేదెలా?

జాబితాకెక్కిన కోర్టు జప్తులది మరో తంటా. డిక్రీ సొమ్ము చెల్లి, బాకీ పూర్తిగా తీరినట్టు కోర్టులో నమోదైతే సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 21, రూల్ 55 ప్రకారం జప్తు ఎత్తేసినట్టే. ఆ కబురు సబ్ రిజిస్ట్రార్‌కు ఎవరూ పంపరు. బాకీ తీరినా ఎంట్రీ అలాగే ఉండిపోతుంది. కోర్టు నకలు తెస్తే ఎన్ని రోజుల్లో తీసేయాలో ఒక సర్క్యులర్ ఇప్పించండి.

విస్తీర్ణం, హద్దులు, క్లాజు, ఉత్తర్వు నంబరు, తేదీ లేని ఎంట్రీని సాఫ్ట్‌వేర్ తీసుకోకుండా చేయించండి. పాత ఎంట్రీలు సరిచేయడానికి కలెక్టర్లకు గడువు పెట్టండి. కలిసిపోయిన నంబర్లలో ఎఫ్ఎంబీ (పొలం కొలతల పుస్తకం) పట్టుకుని సర్వేయరు చేత కొలిపించి, పోరంబోకుకు వేరే సబ్ డివిజన్ ఇప్పించి, నిషేధం దానికే పరిమితం చేయండి. ఆ కొలత ఫీజు మాత్రం రైతు నెత్తిన వేయకండి.

ఇట్లు,
దస్తావేజు లేఖరులు, న్యాయవాదులు