గురువారం చాకీ ఎందుకు ఇవ్వలేదంటే

మదనపల్లె చుట్టుపక్కల నుంచి మా కేంద్రానికి వచ్చే పట్టు రైతులకు నమస్కారం. మీకు ఇవ్వవలసిన 3,000 గుడ్ల చాకీని, అంటే రెండో జ్వరం (పొర విడిచే ముందు పురుగు మేత మాని నిద్రపోయే దశ) దాకా మేపి ఇచ్చే పట్టుపురుగు పిల్లలను, నా చేతులతోనే పూడ్చిపెట్టాను. ఒక తల్లి పట్టుచిలుక పెట్టిన గుడ్లన్నీ కలిపి మా లెక్కలో ఒక గుడ్డు. ఫోనులో తలా ఒక ముక్క చెప్పడం ఇష్టంలేక జరిగిందంతా రాస్తున్నాను.

బోరు మోటారు కాలి మా తోటలో లేత మల్బరీ ఆకు తగ్గింది. ఎనిమిదేళ్లుగా ఎరిగిన మనిషి దగ్గర ఒక పూటకు ఆకు కొన్నాను. పక్కన టమాటాకు మందు కొట్టారా అని అడిగితే లేదన్నాడు. కొట్టి రెండు రోజులే అయిందని తర్వాత ఆకు కోసిన కూలీలే చెప్పారు. నిజం చెప్పి ఉంటే ఆ పూట పురుగులను పస్తు ఉంచేవాణ్ణి. ఆ మాటే ఇప్పటికీ మింగుడుపడటం లేదు. బయటి ఆకును ముందు పది పురుగులకు వేసి చూడటం నా పద్ధతి. అతని మీద నమ్మకంతో ఆ రాత్రి అది మానేశాను. ఆ తప్పు నాది.

తెల్లవారేసరికి పురుగులు తలలు పైకెత్తి పచ్చని ద్రవం కక్కుతున్నాయి. సగం ట్రేలు పోయాయి. మిగతా సగం మేత మేశాయి, రెండో జ్వరానికీ వచ్చాయి. వాటిని మీకు ఇవ్వాలా వద్దా అని రెండు రాత్రులు కన్ను మూయలేదు. ఇంట్లోవాళ్లు ఇచ్చేయమన్నారు. కానీ పురుగు తినే మొత్తం ఆకులో 80 శాతానికి పైగా చివరిదైన అయిదో దశలోనే, మీ దగ్గర ఉన్నప్పుడే తింటుంది. కొన్ని మందుల దెబ్బ బయటపడేదీ అప్పుడే: చంద్రిక (గూడు కట్టడానికి పురుగులను వదిలే తట్ట) ఎక్కిన పురుగు గూడు కట్టదు. మీ ఆకు, కూలి డబ్బు అంతా పెట్టాక అది చూడవలసి వస్తే మీ ముఖం నేను ఎలా చూడగలను? సున్నం, బ్లీచింగ్ పొడి చల్లి గుంటలో పూడ్చాను.

మా షెడ్డుకు రోగం తగిలిందని కొందరు చెబుతున్నారట. పట్టుపురుగులకు అంటుకునే పెబ్రిన్ కాదు, పాలరోగమూ కాదు; ఇది మందు దెబ్బ. అనుమానం ఉన్నవారు ఏ రోజైనా వచ్చి చూసుకోవచ్చు, తలుపు తీసే ఉంటుంది.

అడ్వాన్సు ఆదివారంలోగా తిరిగి ఇస్తాను. మోటారు బాగైంది. ఇకపై బయటి ఆకు ఒక్క కట్ట కూడా కొనను. అందుకే వచ్చే విడత 2,000 గుడ్లే, ఆగిపోయినవారికే ముందు. రెండో జ్వరంలో ఉండగానే, ఎండ ఎక్కకముందే వచ్చి తీసుకెళ్లండి.