విషయం: డేటా బదిలీ సాఫ్ట్‌వేర్‌లో లోపాలు, అమ్మేటప్పుడు ఇచ్చిన తప్పుడు హామీ

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

నమస్కారం.

మా పాత బిల్లింగ్ వ్యవస్థలోని డేటాను రోజూ రాత్రి కొత్త డేటా వేర్‌హౌస్‌లోకి (నివేదికల కోసం డేటా అంతా ఒకచోట ఉంచే నిల్వలోకి) చేర్చడానికి మీ సాఫ్ట్‌వేర్ తీసుకున్నాం. డేటాను ఉన్నదున్నట్టు ఎక్కించి, చేరాక ఎస్‌క్యూఎల్‌తో (డేటాబేస్‌కు ఆదేశాలిచ్చే భాషతో) మార్చుకుందామని మొదట నేను పట్టుబట్టాను. ఎక్కడ తేడా వచ్చినా అసలు డేటా చేతిలో ఉంటుంది, మళ్ళీ లెక్క కట్టుకోవచ్చు. కానీ తెర మీద పెట్టెలను గీతలతో కలిపితే చాలు, మార్పులన్నీ దారిలోనే జరిగిపోతాయని మీ ప్రతినిధి నచ్చజెప్పారు. ఒప్పుకున్నాం.

ఆ రోజు నేను అడిగింది ఒక్కటే: పాత వ్యవస్థలో ఒక రికార్డును తొలగిస్తే కొత్తదానిలోనూ పోతుందా? పోతుందన్నారు. పోవడం లేదు. మీ సాఫ్ట్‌వేర్ చివరిసారి మారిన సమయం చూసి, ఆ తర్వాతి రికార్డులనే తెస్తోంది. అసలు లేకుండా పోయిన రికార్డుకు సమయం ఎక్కడిది? తొలగించిన బిల్లులు మా నివేదికల్లో బాకీలుగా నిలిచిపోయాయి. ఏ బాకీ లేని ఖాతాదారులకు డబ్బు కట్టమని ఉత్తరాలు వెళ్ళాయి. వాళ్ళ మాటలు పడింది మా సిబ్బంది. మార్పులను డేటాబేస్ లాగ్ (ప్రతి మార్పునూ వరుసగా రాసుకునే చిట్టా) నుంచి చదివితే తొలగింపులు కూడా దొరుకుతాయి. ఇది మీకు తెలియని విద్య కాదు.

అంతకంటే ప్రమాదకరమైనది మరొకటి ఉంది. మా 18 అంకెల ఖాతా సంఖ్యలను మీ సాఫ్ట్‌వేర్ తనంతట తాను 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యలుగా (పరిమిత అంకెలనే కచ్చితంగా నిలిపే దశాంశ రూపంలోకి) మార్చేసింది. ఆ రూపంలో 9007199254740992 దాటిన పూర్ణాంకాల్లో కొన్ని మాత్రమే ఉన్నదున్నట్టు ఇముడుతాయి. చివరి అంకెలు మారిపోయి, ఇద్దరు ఖాతాదారుల లెక్కలు ఒకే సంఖ్య కింద కలిసిపోయాయి. ఒక్క హెచ్చరికైనా రాలేదు. ప్రతి ఉదయం తెర మీద ఆకుపచ్చ గుర్తే కనిపించింది. పని మధ్యలో ఆగిపోయినా సర్దుకునేవాళ్ళం. తప్పు డేటాను సరైనదని చూపడాన్ని మాత్రం సహించలేం.

లాగ్ ఆధారిత పద్ధతి మీ దగ్గర ఉంటే అదనపు రుసుము లేకుండా ఇవ్వండి. లేకపోతే మిగిలిన గడువుకు మేము కట్టిన సొమ్ము తిరిగి చెల్లించండి. ఏది చేసినా, మేము నెలల తరబడి తయారుచేసుకున్న మార్పు నియమాలను ఎస్‌క్యూఎల్ రూపంలో మాకు అప్పగించాలి. అవి మీ సొంత ఫార్మాట్‌లో చిక్కుకుని బయటికి రావడం లేదు. ఆ నియమాలు మావి.

దెబ్బతిన్న రికార్డుల జాబితా, మీ ప్రతినిధి హామీ ఇచ్చిన ఈమెయిల్ ప్రతి జతచేశాను. 15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబివ్వండి.

ఇట్లు,
డేటా నిర్వహణ బాధ్యురాలు