మొత్తం ధర ముందే చూపించాలి

ఆన్‌లైన్‌లో బస్సు, విమాన టికెట్లు బుక్ చేసేటప్పుడు మొదట ఒక ధర చూపించి, చివరికి మరో ధర కట్టించుకోవడం ఆగాలి. పండక్కి హైదరాబాద్ నుంచి విశాఖకు టికెట్ వెతికితే తక్కువ ఛార్జీ కనిపిస్తుంది. సీటు ఎంచుకుని, ఇంట్లోవాళ్లందరి పేర్లు, వయసులు నింపాక పన్ను, కన్వీనియన్స్ ఫీజు ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. మనం అడగకుండానే ఇన్సూరెన్స్‌కు టిక్కు పెట్టి ఉంటుంది. ఆ సమయానికి సీట్లు అయిపోతాయన్న టెన్షన్‌లో చాలామంది కట్టేస్తారు. పెద్దవాళ్లయితే ఆ టిక్కు తీసేయొచ్చని కూడా గమనించరు. నిజంగా ఎక్కడ చవకో పోల్చుకునే వీలే ఉండదు. పన్ను కట్టడానికి ఎవరికీ అభ్యంతరం లేదు, దాన్ని చివరిదాకా దాచడమే అన్యాయం. ఇలా ధర దాచడం, అడగనివి బిల్లులో చేర్చడం రెండింటినీ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు మార్గదర్శకాల్లోనే నిషేధించింది. అయినా నాకు ఇవి కనిపిస్తూనే ఉన్నాయి. అన్ని ఛార్జీలూ కలిపిన ధరను మొదటి తెరపైనే చూపించేలా అధికారులు తనిఖీలు చేసి, పాటించని సంస్థలకు జరిమానా వేయాలి. బస్సునో విమానాన్నో సంస్థే రద్దు చేస్తే కన్వీనియన్స్ ఫీజుతో సహా డబ్బు తిరిగి ఇప్పించాలి. ప్రయాణికులు కూడా స్క్రీన్‌షాట్లు దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయాలి.